ఇంటి వర్క్‌షాప్‌కి ఏ బ్యాండ్ సా: 10 అంగుళాలా, 14 అంగుళాలా, ఇంకా పెద్దదా?

బ్యాండ్ సా అంటే పైనా కిందా ఉన్న రెండు చక్రాల మీద పట్టీలా తిరిగే పళ్ళ బ్లేడ్‌తో కర్ర కోసే మెషీన్. మొదటి బ్యాండ్ సా ఇంటికొచ్చిన మూడో రోజు నేను చేసిన నిర్వాకం ముందు చెప్తా. బల్ల మీద పెట్టుకునే 10 అంగుళాల చిన్న మెషీన్ అది. నాలుగు అంగుళాల వెడల్పున్న గట్టి కర్ర పలక ఒకటుంటే, దాన్ని నిలబెట్టి మందంలోంచి రెండుగా చీల్చి పెట్టె మూతకి పలచటి పలకలు తీద్దామని మొదలెట్టా. పైన చూస్తే గీత మీదే పోతోంది, భలే వస్తోందే అనుకున్నా. సగం దాటాక మోటార్ మూలగడం మొదలైంది, కాలిన వాసన వచ్చింది, నేనేమో ఇంకాస్త గట్టిగా తోశా. విడదీసి చూస్తే ఒక ముక్కకి నడుమ బానపొట్ట, రెండోదానికి సరిగ్గా అదే చోట గుంట. ఆ గుంట అడుగున కర్ర ఎంత పలచబడిందంటే వేలితో నొక్కితే లోపలికి పోతోంది.

నెల్లాళ్ళు మెషీన్నే తిట్టా. మోటార్ చాలదన్నా, ఫ్రేమ్ వంగుతోందన్నా, అమ్మేసి పెద్దది కొందామని లెక్కలు కూడా వేశా. తీరా చూస్తే తప్పు మెషీన్‌తో పాటు వచ్చిన బ్లేడ్‌ది, దాన్ని వదులుగా బిగించిన నాది. అంగుళానికి మూడు పళ్ళుండే బ్లేడ్ వేసి, సరిగ్గా బిగించి, మెల్లగా తోస్తే అదే మెషీన్ అదే కర్రని వంకర లేకుండా చీల్చింది. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టయింది నా సంగతి.

అందుకే ఎవరైనా ఏ సైజు కొనాలి అని అడిగితే నేను మెషీన్ గురించి, బ్లేడ్ గురించి కలిపే మాట్లాడతా. విడివిడిగా చూస్తే అవసరం లేని పెద్ద మెషీన్ కొంటాం, లేదంటే మంచి మెషీన్ కొని చెత్త బ్లేడ్‌తో ఏడుస్తాం.

అసలు ఇది కావాలా మీకు?

మీ పని అంతా ప్లైవుడ్ షీట్లు కోసి అల్మారాలు, బీరువాలు చేయడమే ఐతే బ్యాండ్ సా మీద డబ్బు పెట్టకండి. షీట్లని తిన్నగా కోయడానికి టేబుల్ సా గానీ, గైడ్ పట్టాతో సర్క్యులర్ సా గానీ ఇచ్చే అంచు ఇది ఇవ్వదు, పైగా షీట్ వెడల్పుకి మెషీన్ మెడ అడ్డొస్తుంది. లోపల రంధ్రం చేసి అందులోంచి డిజైన్ కోసే పని ఐతే స్క్రోల్ సా కావాలి, ఎందుకంటే బ్యాండ్ సా బ్లేడ్ రెండు కొసలూ అతికేసిన చుట్ట కదా, అంచుని కోసుకుంటూ వెళ్తే తప్ప లోపలికి పోలేదు.

బ్యాండ్ సాకి పోటీ లేని పనులు మూడున్నాయి: మందపాటి కర్రలో వంపులు కోయడం, పలకని మందంలోంచి చీల్చడం, చిన్న దుంగల్ని పలకలుగా చేసుకోవడం. పలకని నిలబెట్టి చీల్చడాన్ని రీసా అంటారు, ఇక్కణ్ణుంచి నేనూ అదే మాట వాడతా. కోతలో పొట్టుగా పోయే కర్ర కూడా తక్కువ, టేబుల్ సా బ్లేడ్ మామూలుగా 1/8 అంగుళం తినేస్తే ఇది సుమారు దాంట్లో సగమే తింటుంది. ఖరీదైన కర్రని నాలుగు పలకలుగా చీల్చినప్పుడు తెలుస్తుంది దాని విలువ. ఇంకోటి, కోత ఒత్తిడంతా కిందికి, టేబుల్ వైపుకి ఉంటుంది కాబట్టి టేబుల్ సాలా కర్రని వెనక్కి మీ మీదకి విసరదు. అలాగని ఇది సాధుజంతువేం కాదు, దాని గురించి తర్వాత.

కొనేముందు ఏం చూడాలి

సైజు అంటే చక్రం వ్యాసం. 14 అంగుళాల మెషీన్ అంటే 14 అంగుళాల చక్రాలు, కాబట్టి బ్లేడ్‌కీ మెషీన్ మెడకీ మధ్య సందు 14 కంటే కొంచెం తక్కువ, 13.5 అలా ఉంటుంది. బోర్డు మీద రాసేది ఈ అంకెనే గానీ నిజం చెప్పాలంటే ఇంటి పనిలో ఈ సందు చాలక ఆగిపోయిన సందర్భాలు నాకు పెద్దగా లేవు. ఆగిపోయేది ఎత్తు దగ్గర. టేబుల్ మీంచి పై గైడ్ (బ్లేడ్ పక్కలకి, వెనక్కి పోకుండా ఆపేది) వరకు ఎంత ఎత్తు కర్ర పడుతుందో అదే రీసా ఎత్తు, మొదట చూడాల్సింది అది.

తర్వాత మోటార్. వంపుల కోతకి అర హెచ్‌పీ హాయిగా సరిపోతుంది, ఆరు అంగుళాల గట్టి కర్ర రీసాకి కనీసం ఒక హెచ్‌పీ ఉండాలి, పది పన్నెండు అంగుళాలు అడపాదడపా కాకుండా తరచూ చీల్చాలంటే ఒకటిన్నర నుంచి రెండు. 12 అంగుళాల ఎత్తు పడుతుంది అని రాసి ముప్పావు హెచ్‌పీ మోటార్ పెట్టిన మెషీన్లు కనబడుతుంటాయి. ఎత్తు పడుతుంది నిజమే, కోయడానికి మాత్రం మీ ఓపికకే పరీక్ష.

మూడోది ఫ్రేమ్ గట్టితనం, దీన్ని ఎవరూ సరిగ్గా చూడరు. అర అంగుళం బ్లేడ్‌ని తగినంత బిగిస్తే రెండు చక్రాల మధ్య వంద కిలోలకి పైనే లాగుడు పడుతుంది. ఫ్రేమ్ ఆ లాగుడికి కొంచెం వంగినా పై చక్రం పక్కకి తిరుగుతుంది, బ్లేడ్ నడక మారుతుంది, గైడ్లు తప్పుతాయి, ఇంక ఎంత సెట్టింగ్ చేసినా నిలవదు. కొట్లో చూసేటప్పుడు బ్లేడ్ వదులు చేయించి, మళ్ళీ బిగించమని, ఆ రెండింటి మధ్య చక్రం మీద బ్లేడ్ ఎంత జరుగుతోందో చూడండి. కొంచెం జరగడం మామూలే, అంచు దాకా పోతే మాత్రం ఆలోచించండి.

బ్లేడ్ పొడవు కూడా అడగండి, చిన్న విషయంలా అనిపిస్తుంది గానీ కాదు. 93.5 అంగుళాల లాంటి పాతుకుపోయిన కొలతైతే ఎవరి దగ్గరైనా నాలుగైదు రకాల బ్లేడ్లు రెడీగా ఉంటాయి, ఎక్కడా లేని వింత పొడవైతే ప్రతిసారీ చేయించుకోవాల్సిందే. గైడ్లు బేరింగులా, దిమ్మలా, సిరామిక్కా అని జనం తెగ కొట్టుకుంటారు. నేను మూడూ వాడా, సరిగ్గా సెట్ చేస్తే మూడూ బానే ఉంటాయి. ఒక్క మినహాయింపు, 1/8 అంగుళం లాంటి సన్నటి బ్లేడ్ వాడితే ఇనుప గైడ్లు పళ్ళని అరగ్గొడతాయి, అప్పుడు గ్రాఫైట్ కలిపిన ఫినాలిక్ దిమ్మలు గానీ గట్టి కర్ర దిమ్మలు గానీ మంచివి, పళ్ళు తగిలినా ఏం కాదు.

పొట్టు లాగే గొట్టం 4 అంగుళాలదైతే మంచిది. బ్యాండ్ సా పొట్టు చాలా మెత్తగా ఉంటుంది, ఊపిరితిత్తుల్లోకి పోతుంది, మాస్క్ ఎలాగూ తప్పదు.

పక్కపక్కన పెట్టి చూస్తే

అంకెలు మోడల్‌ని బట్టి అటూ ఇటూ అవుతాయి, అందాజాకి మాత్రమే.

| | 9–10 అంగుళాలు, బల్ల మీద | 14 అంగుళాలు, పోత ఇనుము | 14 అంగుళాలు, స్టీల్ ఫ్రేమ్ | 17–18 అంగుళాలు |
|---|---|---|---|---|
| రీసా ఎత్తు | 3.5 నుంచి 6 అంగుళాలు | 6, రైజర్ దిమ్మతో 12 | 10 నుంచి 13 | 12కి పైన |
| మోటార్ | 1/3 నుంచి 1/2 హెచ్‌పీ | 3/4 నుంచి 1.5 | 1 నుంచి 2 | 2 నుంచి 3 |
| హాయిగా నడిపే బ్లేడ్ వెడల్పు | 3/8 వరకు | 1/2 వరకు | 1/2, కొన్ని 3/4 | 3/4, 1 |
| బ్లేడ్ పొడవు | సుమారు 59 నుంచి 73 అంగుళాలు | 93.5, రైజర్‌తో 105 | మోడల్‌కొకటి | మోడల్‌కొకటి |
| కదిలించడం | ఒక్కరే ఎత్తొచ్చు | ఇద్దరు కావాలి | ఇద్దరు ముగ్గురు, కింద చక్రాలుంటే మేలు | పెట్టిన చోటే ఉంటుంది |
| ఎవరికి | బొమ్మలు, చిన్న పెట్టెలు, వంపులు | అన్నీ కొంచెం కొంచెం | ఫర్నిచర్, రీసా | దుంగలు, రోజువారీ పని |

9–10 అంగుళాల చిన్నది

చోటు లేనివాళ్ళకి, పని అయ్యాక మెషీన్ ఎత్తి పక్కన పెట్టాల్సిన వాళ్ళకి ఇదే. బొమ్మలు, చెంచాలు, చిన్న పెట్టెలు, పేటర్న్ ముక్కలు, వీటికి పెద్దది కొన్నా ఇంతకంటే బాగా రాదు. రీసా కూడా మూడు నాలుగు అంగుళాల వరకు చేస్తుంది, తొందరపడకపోతే.

దీని అసలు కష్టం చక్రం చిన్నదవడం. 14 అంగుళాల మెషీన్‌లోనే చూడండి, నిమిషానికి 3000 అడుగుల వేగంతో పోయే 93.5 అంగుళాల బ్లేడ్ నిమిషానికి దాదాపు 385 చుట్లు తిరుగుతుంది, చుట్టుకి రెండుసార్లు వంగి నిటారవుతుంది, అంటే ఒక్క నిమిషంలో 770 సార్లు. తీగని అటూ ఇటూ వంచితే ఎలా తెగుతుందో బ్లేడ్ కూడా చివరికి అలాగే తెగుతుంది, చక్రం చిన్నదయ్యే కొద్దీ వంపు ఎక్కువ, ఆయుష్షు తక్కువ. అందుకని చిన్న మెషీన్‌కి మందం తక్కువ బ్లేడ్ కొనాలి, 0.014 నుంచి 0.018 అంగుళం మందం లోపు. పెద్ద మెషీన్లకి వేసే 0.025 మందం బ్లేడ్ దీనికి వేస్తే పళ్ళ సందుల్లో సన్నటి పగుళ్ళొచ్చి ఠప్పున తెగుతుంది. గంతకు తగ్గ బొంత అంతే.

మూడు చక్రాల చిన్న మెషీన్లు కూడా వస్తాయి, తక్కువ చోటులో ఎక్కువ సందు ఇస్తామని. వాటి చక్రాలు ఇంకా చిన్నవి, బ్లేడ్లు ఇంకా త్వరగా తెగుతాయి, నడక సెట్ చేయడానికి ఓర్పు కావాలి. ఊరికే ఇచ్చినా ఆలోచించి తీసుకోండి.

14 అంగుళాల పోత ఇనుము మెషీన్

కింద ఒక ఇనుప దిమ్మ, పైన కొక్కెంలా వంగిన చెయ్యి, రెండూ ఒక పెద్ద బోల్టుతో కలిపి ఉంటాయి. దశాబ్దాలుగా ఇదే డిజైన్, చాలా బ్రాండ్లవి ఒకదానికొకటి అన్నదమ్ముల్లా ఉంటాయి, అందువల్ల టైర్లు (చక్రాల అంచు మీది రబ్బరు పట్టీలు), గైడ్లు, స్ప్రింగులు, బ్లేడ్లు అన్నీ తేలిగ్గా దొరుకుతాయి. బరువు ఉంటుంది, అదురు తక్కువ, వంపుల కోత చాలా నునుపుగా వస్తుంది.

లోపం ఆరు అంగుళాల ఎత్తు. దానికి మందు రైజర్ దిమ్మ, చెయ్యికీ దిమ్మకీ మధ్య ఆరు అంగుళాల ముక్క పెడతారు, ఎత్తు 12 అవుతుంది, బ్లేడ్ 105 అంగుళాలది కావాలి. బాగుంది కదా అనిపిస్తుంది, కానీ ఒక మీట పొడవు పెంచినట్టే అది, వెడల్పు బ్లేడ్ గట్టిగా బిగిస్తే చెయ్యి ఇంకాస్త ఎక్కువ వంగుతుంది, మోటార్ మాత్రం పాతదే. ఏడాదికి రెండు మూడు సార్లు ఎనిమిది అంగుళాల పలక చీల్చాలంటే రైజర్ మంచి ఉపాయం, వారం వారం అదే పని ఐతే మొదటే స్టీల్ ఫ్రేమ్‌ది కొనుక్కోండి. ఇంకో మాట, అన్ని మోడళ్ళకీ రైజర్ పట్టదు, కొనేముందే అడగాలి.

14 అంగుళాల స్టీల్ ఫ్రేమ్

వెన్నెముక మొత్తం మడిచి వెల్డ్ చేసిన స్టీల్ పెట్టె. లాగుడుకి తక్కువ వంగుతుంది, పది పన్నెండు అంగుళాల ఎత్తు పుట్టుకతోనే వస్తుంది, రైజర్ గొడవ లేదు. ఒకే ఒక్క మెషీన్ కొని పదేళ్ళు దాని జోలికి పోకూడదు అనుకునేవాళ్ళకి నేను చెప్పేది ఇదే, ఇప్పుడు నా దగ్గరున్నదీ ఇదే. ఒకటిన్నర హెచ్‌పీ కంటే తక్కువైతే తీసుకోవద్దు, ఎత్తు ఉండి బలం లేకపోతే ఏం లాభం.

దీంతో ఇబ్బంది లేదా అంటే ఉంది. పోత ఇనుముకున్న మొద్దుతనం దీనికుండదు కాబట్టి పల్చటి రేకుతో చేసిన చౌక రకాల్లో అదురు వినబడుతుంది. బ్లేడ్ పొడవు మోడల్‌కొకటి. కొన్నిటి టేబుల్ ఎత్తు తక్కువ, పొడుగువాళ్ళకి నడుం పట్టేస్తుంది, కాబట్టి దాని ముందు నిలబడి ఒక పలక తోస్తున్నట్టు నటించి చూడండి, నవ్వితే నవ్వుతారు.

17–18 అంగుళాలు, ఆపైన

దుంగలు కోసి సొంతంగా పలకలు ఆరబెట్టుకునేవాళ్ళు, అమ్మకానికి ఫర్నిచర్ చేసేవాళ్ళు తీసుకోవాలి. అంగుళం బ్లేడ్ గట్టిగా బిగించినా కిక్కురుమనదు. కానీ సన్న బ్లేడ్లు వీటి మీద అంత సుఖంగా నడవవు, 1/8 బ్లేడ్‌తో చిన్న బొమ్మ కోద్దామంటే మెషీనే ఒప్పుకోదు. బరువు రెండొందల కిలోల దరిదాపు, తలుపు వెడల్పు, మెట్లు, నేల, వైరింగ్ అన్నీ ముందే చూసుకోవాలి. ఆపాక ఆ బరువైన చక్రాలు చాలాసేపు తిరుగుతూనే ఉంటాయి, బ్రేక్ ఉన్నది దొరికితే అదే తీసుకోండి.

పాతది దొరికితే

కొత్త చిన్నదాని డబ్బుకి పాత పెద్దది వస్తుంటే వదులుకోవద్దు, కానీ ఏం పోయినా పర్లేదు, ఏం పోతే వద్దు అన్నది తెలియాలి. టైర్లు పగిలినా, గైడ్లు అరిగినా, బెల్టు ఎండిపోయినా భయం లేదు, అన్నీ మార్చుకోవచ్చు. యూరిథేన్ టైర్లని వేడినీళ్ళలో కాసేపు నానబెడితే సాగి చక్రం మీదకి ఎక్కుతాయి, అరగంట పని. చేత్తో తిప్పితే గరగరమంటే బేరింగులు, అవీ మార్చొచ్చు. ఫ్రేమ్‌లో పగులు, వెల్డింగ్ చేసిన గుర్తు, పై చక్రాన్ని మోసే కీలు వంగడం, చక్రం తిప్పితే పైకీ కిందికీ ఎగరడం, వీటిల్లో ఏ ఒక్కటి కనబడినా మర్యాదగా నమస్కారం పెట్టి వచ్చేయండి. కీలు ఎందుకు వంగుతుందంటే, ఎవరో స్ప్రింగ్ మొత్తం నొక్కుకుపోయేదాకా బిగించి ఏళ్ళ తరబడి అలాగే వదిలేసి ఉంటారు.

మరి ఎవరు ఏది

చోటు తక్కువ, రీసా అప్పుడప్పుడు, చిన్న వస్తువులు: 10 అంగుళాలది, దానికి రెండు మంచి బ్లేడ్లు. ఇంకా ఏం చేస్తారో తెలియని కొత్తవాళ్ళకి, మరమ్మతు సరదా ఉంటే పాత పోత ఇనుముది, లేదంటే కొత్త స్టీల్ ఫ్రేమ్‌ది. సంగీత వాయిద్యాలు, విప్పిన పుస్తకంలా జత పలకలు, సొంతంగా వెనీర్, ఇలాంటివి చేసేవాళ్ళకి స్టీల్ ఫ్రేమ్ 14, రెండు హెచ్‌పీ దొరికితే ఇంకా మంచిది. టేబుల్ సా కొనాలా బ్యాండ్ సా కొనాలా, రెండింటికీ చోటు లేదు అనేవాళ్ళు: ఘన కర్రతో పనైతే బ్యాండ్ సా, రంధా ఒకటి చేతిలో ఉంచుకుంటే అంచులు అదే సరిచేస్తుంది. షీట్లతో పనైతే ముందే చెప్పాగా.

డబ్బు లెక్కేసేటప్పుడు బ్లేడ్ల కోసం కొంత పక్కన పెట్టండి. డబ్బులన్నీ మెషీన్‌కే ఊడ్చిపెట్టి దాంతో వచ్చిన బ్లేడ్‌తోనే ఏడాది నెట్టుకొచ్చేవాళ్ళని చాలామందిని చూశా, మొదటి వరసలో నేనే ఉన్నా.

బ్లేడ్

బ్యాండ్ సాకి ఇంగ్లండ్‌లో విలియం న్యూబెర్రీ 1809 ప్రాంతంలోనే పేటెంట్ తీసుకున్నాడు, కానీ దశాబ్దాల పాటు అది పనికి రాలేదు, ఎందుకంటే తెగకుండా తిరిగే బ్లేడ్ చేయడం ఎవరికీ చేతకాలేదు. ఫ్రాన్స్‌లో అన్ పోలిన్ క్రెపిన్ అనే ఆవిడ 1846లో బ్లేడ్ కొసల్ని అతికే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాక గానీ మెషీన్ దారిన పడలేదు. అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే, బ్లేడ్ కుదరకపోతే మెషీన్ ఎంత మంచిదైనా దండగ.

వెడల్పు వంపుని నిర్ణయిస్తుంది. 1/8 అంగుళం బ్లేడ్ 5 మిల్లీమీటర్ల వ్యాసార్థం దాకా తిరుగుతుంది, 1/4 ఐతే 16, 3/8 ఐతే 36, 1/2 ఐతే 64 మిల్లీమీటర్లు. అంతకంటే బిగుతు వంపు తిప్పితే బ్లేడ్ మెలి తిరిగి గైడ్ల మీద పడుతుంది, కర్ర కాలుతుంది. తప్పనిసరైతే వంపు దాకా అక్కడక్కడ అడ్డకోతలు ముందే కోసుకోండి, ముక్కలు ముక్కలుగా రాలిపోతుంటే బ్లేడ్‌కి తిరగడానికి చోటు దొరుకుతుంది.

పళ్ళ లెక్క ఇంకో రకం. కర్ర మందంలో ఎప్పుడూ కనీసం మూడు పళ్ళు ఉండాలి, ఆరు నుంచి పన్నెండు వరకు ఐతే బాగుంటుంది, ఇరవై నాలుగు దాటకూడదు. దాటితే పళ్ళ సందులు పొట్టుతో నిండిపోతాయి, పొట్టుకి పోయే దారి లేక బ్లేడ్ వేడెక్కి పక్కకి తప్పుకుంటుంది. నా బానపొట్ట పలక లెక్క చూడండి: అంగుళానికి 10 పళ్ళ బ్లేడ్, నాలుగు అంగుళాల ఎత్తు, అంటే కర్రలో 40 పళ్ళు. మూడు పళ్ళ బ్లేడ్‌తో అదే ఎత్తుకి 12. అంతే తేడా.

నా దగ్గర ఎప్పుడూ ఉండేవి మూడు: రీసాకి 1/2 అంగుళం 3 పళ్ళ హుక్ రకం (పళ్ళు ముందుకి వాలి ఉండేది), మామూలు పనికి 3/8 అంగుళం 6 పళ్ళది, వంపులకి 1/4 అంగుళం 6 పళ్ళ స్కిప్ రకం (పళ్ళ మధ్య సందు ఎక్కువుండేది). చిన్న మెషీన్ ఐతే రీసాకి 3/8 చాలు, అర అంగుళం పడుతుందని రాసినా దాన్ని సరిగ్గా బిగించే బలం ఆ స్ప్రింగ్‌కి ఉండదు.

సెట్టింగ్: ఈ వరస తప్పొద్దు

ముందు ప్లగ్ పీకేయండి. స్విచ్ ఆపడం కాదు, ప్లగ్ పీకడం.

పైనా కిందా గైడ్లన్నీ బ్లేడ్‌కి తగలకుండా దూరంగా లాగేయండి. ఈ ఒక్క మెట్టు దాటేసి నేరుగా బ్లేడ్ వేసేవాళ్ళే ఎక్కువ, తర్వాత గైడ్ తోస్తున్న వంకరని చూసి చక్రం తప్పనుకుంటారు. బ్లేడ్ ఎక్కించండి, పళ్ళు మీ వైపుకి, కొనలు కిందికి చూడాలి. ఎలా తిప్పినా కొనలు పైకే చూస్తున్నాయంటే బ్లేడ్ లోపలిది బయటికి తిరగబడి ఉంది, రెండు చేతులతో పట్టుకుని చొక్కా తిరగేసినట్టు తిరగేయండి.

బిగించండి. మెషీన్ మీదున్న టెన్షన్ స్కేల్‌ని మొదటి అందాజాకి తప్ప నమ్మొద్దు, స్ప్రింగ్ పాతబడే కొద్దీ అది అబద్ధాలు చెప్తుంది. పై గైడ్‌ని ఆరు అంగుళాల ఎత్తులో పెట్టి, బ్లేడ్ మధ్యలో వేలితో పక్కనుంచి మామూలుగా నొక్కితే 1/4 అంగుళం లోపు కదలాలి. తేలిగ్గా అంతకంటే ఎక్కువ వంగితే ఇంకా బిగించాలి. స్ప్రింగ్ చుట్లు ఒకదానికొకటి ఆనుకునేదాకా మాత్రం పోవద్దు.

ఇప్పుడు నడక. పై చక్రాన్ని చేత్తో తిప్పుతూ వెనకున్న ట్రాకింగ్ నాబ్‌ని కొంచెం కొంచెం తిప్పండి, చక్రం వాలు మారి బ్లేడ్ ముందుకో వెనక్కో జరుగుతుంది. టైరు మధ్యలో ఉబ్బుగా ఉండే రకమైతే బ్లేడ్ ఆ ఉబ్బు మీద నడవాలి. సరిగ్గా ఉందా లేదా తేల్చడానికి కనీసం పది ఇరవై చుట్లు తిప్పండి, రెండు చుట్లకి బుద్ధిగా ఉండి పదో చుట్టుకి జారిపోయేవి ఉంటాయి. కుదిరాక నాబ్ లాక్ బిగించండి.

అప్పుడే గైడ్లు. పక్క గైడ్లని ముందుకి తెచ్చి వాటి ముందంచు పళ్ళ సందుల వెనకే ఆగేలా పెట్టండి, పళ్ళకి తగలకూడదు. బ్లేడ్‌కీ గైడ్‌కీ మధ్య ఒక కాగితం మందం సందు చాలు, నిజంగానే కాగితం ముక్క రెండు పక్కలా పెట్టి గైడ్లు ఆనించి బిగించి కాగితం లాగేస్తా నేను. వెనక బేరింగ్ కూడా అంతే, ఖాళీగా తిరిగేటప్పుడు తగలకూడదు, కర్ర తోసినప్పుడు మాత్రమే బ్లేడ్ దాని మీద ఆనుకుని అది తిరగాలి. ఇదే పని కింద గైడ్లకీ చేయాలి, వంగి చూడాలి కాబట్టి అందరూ వదిలేసేది అదే. అయ్యాక పై గైడ్‌ని మొత్తం పైకీ మొత్తం కిందికీ జరిపి సందులు అలాగే ఉన్నాయా చూస్కోండి, మారిపోతుంటే గైడ్ కడ్డీ బ్లేడ్‌కి సమాంతరంగా లేదన్నమాట.

చివర్లో టేబుల్. మూలమట్టం బ్లేడ్‌కి ఆనించి వెలుగు సందు లేకుండా చేయండి, పళ్ళ మీద కాకుండా సందుల వెనక చదును భాగానికి ఆనించాలి. మూలమట్టం మీద నమ్మకం లేకపోతే ఇంకో దారి ఉంది: ఒక మందపాటి కర్ర ముక్కని కొంచెం దూరం కోసి ఆపి, వెనక్కి లాగి, ముక్కని తలకిందులు చేసి, బ్లేడ్ వెనక నుంచి ఆ కోతలోకి బ్లేడ్ వీపుని దూర్చి చూడండి. సాఫీగా దూరితే టేబుల్ మట్టంగా ఉన్నట్టు, ఇరుక్కుంటే ఎటు వాలిందో కోతే చూపిస్తుంది.

తిన్నగా తోసినా పక్కకి పోతుంటే

దీన్ని డ్రిఫ్ట్ అంటారు. ఫెన్స్ (టేబుల్ మీద పలకని ఆనించి తోసే అడ్డపట్టీ) ఆనించి కోస్తుంటే పలక ఫెన్స్ నుంచి విడిపోతుంది, లేదా ఫెన్స్‌కే అదుముకుపోతుంది. ముందు బ్లేడ్ మొద్దుబారిందేమో చూడండి, ఒక పక్క పళ్ళు మేకుకి తగిలి అరిగినా బ్లేడ్ పదునున్న వైపుకే లాగుతుంది. తర్వాత టెన్షన్, తర్వాత నడక. బ్లేడ్‌ని చక్రం మీద ఒక వెంట్రుక ముందుకో వెనక్కో జరిపితే చాలాసార్లు సగం డ్రిఫ్ట్ అక్కడే పోతుంది, ఐతే నడక మార్చాక గైడ్లు మళ్ళీ సెట్ చేయాలి. ఇవన్నీ చేశాక కూడా మిగిలితే, ఒక పలక మీద అంచుకి సమాంతరంగా గీత గీసి ఫెన్స్ లేకుండా చేత్తో ఆ గీత మీద కోయండి, సగంలో ఆపి పలక ఏ కోణంలో ఉందో టేబుల్ మీద పెన్సిల్‌తో గీసి ఫెన్స్‌ని ఆ కోణానికి తిప్పండి. కొత్త బ్లేడ్ వేసిన రోజు ఈ గీత పనికిరాదు, మళ్ళీ గీసుకోవాలి.

తోసే వేగం గురించి కూడా ఒక మాట. రీసాలో శబ్దం వినాలి, మోటార్ గొంతు దిగుతుంటే చెయ్యి తేలిక చేయండి. కోత అడుగు నుంచి పొట్టు ధారగా పడుతుంటే బాగున్నట్టు, పొట్టు కోతలోనే ఉండిపోయి పక్కలకి నల్లగా మెరుపు తేలుతుంటే మీరు తొందర పడుతున్నట్టు.

చేతులు జాగ్రత్త

పై గైడ్ కర్రకి పావు అంగుళం పైన ఉండాలి, ఎక్కువ బ్లేడ్ బయట పెట్టుకుని కోయడం బ్లేడ్‌కీ మీకూ మంచిది కాదు. చేతి తొడుగులు వేసుకోవద్దు, పళ్ళు పట్టుకుంటే లోపలికి లాగేస్తాయి. గుండ్రటి కర్రని ఉట్టి చేత్తో పట్టుకుని కోయకండి, బ్లేడ్ తగలగానే గిర్రున తిరిగి వేళ్ళని కిందికి లాక్కుంటుంది, వీ ఆకారం దిమ్మలో పెట్టో, దుంగైతే టేబుల్ మీద జారే చెక్క పీటకి మరలతో బిగించో కోయాలి. కోత చివరి అంగుళంలో బొటనవేళ్ళు బ్లేడ్‌కి ఎదురుగా ఉండకూడదు, అక్కడ కర్ర ఒక్కసారి తేలికైపోతుంది, పుల్లతో తోయండి. పొడుగు వంపు కోతలోంచి వెనక్కి రావాలంటే మెషీన్ ఆపి, చక్రం పూర్తిగా ఆగాక రండి, తిరుగుతుండగా లాగితే బ్లేడ్ చక్రాల మీంచి ఊడి ముందుకొస్తుంది.

వారం పది రోజులు వాడనప్పుడు టెన్షన్ వదిలేస్తే టైర్ల మీద గుంట పడదు, స్ప్రింగ్ బాగుంటుంది. కొన్నిటికి వెనకాల చిన్న లివర్ ఉంటుంది, ఒక్క తిప్పుతో వదులవుతుంది, లేనివాటికి నాబ్ ఎన్ని చుట్లు తిప్పారో లెక్కపెట్టి తలుపు లోపల రాసుకోండి. వదిలేసినప్పుడు స్విచ్ మీద ఒక చీటీ కూడా అంటించండి. నేను అంటించక, మర్చిపోయి ఆన్ చేసి, లోపల బ్లేడ్ జారి తలుపు రేకుని కొట్టిన చప్పుడుకి పక్కింటివాళ్ళు బయటికొచ్చారు.